మందు లేని మండువ: ఆన్‌లైన్ బార్ దేని మీద నడుస్తది, ఎందుకు మూతపడ్తది

క్లుప్తంగా

రాత్రిపూట ఫోన్‌లో ఒక వాయిస్ రూము (నలుగురు గొంతుతో మాట్లాడుకునే ఆన్‌లైన్ గది) తెరిచి, దానికి బార్ అని పేరు పెట్టి, తెలిసినోళ్ళు తెలియనోళ్ళు అందరూ వచ్చి కూసునేటట్టు చేసుడు ఆన్‌లైన్ గ్రూపుల్లో ఇప్పుడు మామూలు సంగతే. మహారాష్ట్రలో గడ్చిరోలి, చంద్రపూర్ వైపు తెలుగోళ్ళు ఇట్లాంటిది పెడదామనుకుంటే రెండు ప్రశ్నలు అడ్డం వస్తున్నయి. మద్యనిషేధం ఉన్న జిల్లాలో కూసొని బార్ అనే పేరు మీద ఏదన్నా నడపొచ్చా? నడిపితే నెల తిరగకముందే ఎందుకు ఖాళీ అయితది? మొదటిదానికి జవాబు చిన్నది: ముచ్చట పెట్టుకుంటే తప్పు లేదు, మందు అమ్మినా, తెప్పిచ్చినా, దానికి ప్రచారం చేసినా తప్పు. రెండోదే అసలు సంగతి. బార్‌ని నిలబెట్టేది మందు కాదు, కౌంటర్ వెనక నిలబడ్డ మనిషి, అంటే రూము నడిపేటోడు, తెరిచే వేళ, ఒక్కో బల్ల చుట్టూ ఎంతమంది అనే లెక్క.

పేరు బార్‌ది, పని కల్లు మండువది

కల్లు మండువ చూసినోళ్ళకి ఈ విషయం తొందరగా అర్థమైతది. తాటిచెట్ల కింద నాలుగు రాళ్ళు, ఒక పాక, పక్కన గుడాలు అమ్మే ముసలమ్మ. గౌడ్ వచ్చిన ప్రతి మనిషిని వరస పెట్టి పిలుస్తడు, ఎవరికి ఎంత పొయ్యాలె, ఎవరికి ఇగ చాలు అని ఆయనకి ఎరుకే. ఒకడు లొట్టి ఖాళీ చేసి పోతడు, ఇంకొకడు ఒక్క గ్లాసు పట్టుకొని పొద్దు గూకేదాకా కూసుంటడు. మండువ మండువలాగ ఉండేది ఆ రెండోవాడి వల్లనే, ఎందుకంటే కొత్తోడు వచ్చినప్పుడు ముచ్చట అప్పటికే నడుస్తుంటది, కొత్తోడు దాన్ని మొదలుపెట్టే పని లేదు, పక్కన కూసుంటే చాలు.

రే ఓల్డెన్‌బర్గ్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1989లో దీనికి ఒక పేరు పెట్టిండు, మూడో చోటు అని. ఇల్లు ఒకటి, పని చేసే కాడ రెండు, ఈ రెండూ కాకుండ ఎవరూ పిలవకుండనే పోయి కూసునే చోటు మూడోది. రచ్చబండ, చాయ్ దుకాణం, మండువ, మరాఠీ వైపు పాన్ టప్రీ, అన్నీ ఆ కోవలోకే వస్తయి. ఆ చోటుకి రంగు తెచ్చేది గోడలు, కుర్చీలు కావు, రోజూ వచ్చే పాతకాపులే అని ఆయన చెప్పిన మాట.

ఆన్‌లైన్‌లో కూడా ఈ చోటు కొత్తది కాదు. 1988లో ఫిన్‌లాండ్‌లో ఐఆర్‌సీ పుట్టింది, ఉత్త టైపింగ్ ముచ్చట్లు, అందులోనే కొన్ని గదుల్లో బాట్‌కి (దానంతట అదే జవాబిచ్చే ప్రోగ్రాంకి) ఒక కమాండ్ కొడితే అది పక్కోడికి బీర్ అందిచ్చినట్టు ఒక లైను వేసేది. 2003లో సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ బొమ్మల లోకం వచ్చినంక బొమ్మ మనుషులు బొమ్మ కౌంటర్ల ముందు నిలబడ్డరు. 2015లో గేమ్‌లు ఆడేటోళ్ళ కోసం డిస్కార్డ్ అనే ముచ్చట యాప్ వచ్చింది. మన దగ్గర మామూలు జనాలకి ఇది తెలిసొచ్చింది మాత్రం 2020 మార్చి 25న లాక్‌డౌన్ పడ్డంకనే. జూమ్‌లో ఫ్రీ మీటింగ్ 40 నిమిషాలకి తెగిపోయేది, వాట్సాప్ గ్రూప్ కాల్‌లో మొదట నలుగురే పట్టేది, ఏప్రిల్‌లో 8 మందికి పెంచిన్రు. ఆ డిసెంబర్‌ల టెలిగ్రామ్ గ్రూపులకి వాయిస్ చాట్ వచ్చింది, 2021 మేలో క్లబ్‌హౌస్ అనే వాయిస్ యాప్ ఆండ్రాయిడ్‌కి వచ్చినంక తెలుగు రూములు తెల్లార్లు నడిచినయి. ఆ ఊపు తగ్గింది గానీ అలవాటు పోలేదు. క్లబ్‌హౌస్ రూములు వేదికల్లాగ ఉండేవి, ఒకరు మాట్లాడితే వందల మంది వినేది, బార్ అట్ల కాదు, బార్‌లో వినేటోడికి కూడా ముందర ఒక గ్లాసు ఉంటది.

నిషేధం ఉన్న జిల్లాలో బార్

మహారాష్ట్రలో వర్ధా జిల్లాలో 1970ల నుంచి, గడ్చిరోలిలో 1993 నుంచి మద్యనిషేధం ఉన్నది. చంద్రపూర్‌లో 2015 ఏప్రిల్‌లో పెట్టి 2021లో ఎత్తేసిన్రు. గడ్చిరోలిలో అది పై నుంచి ఊరికే దిగింది కాదు, ఊళ్ళల్ల ఆడోళ్ళు కొట్లాడితే వచ్చింది, డాక్టర్లు అభయ్ బంగ్, రాణి బంగ్ లాంటోళ్ళు దాని వెనక నిలబడ్డరు. తెలుగోళ్ళకి ఈ చరిత్ర పరాయిది కాదు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా ఉద్యమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ని 1995లో పూర్తి నిషేధం దాకా తీసుకపోయింది, అది 1997లో పోయింది. గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఆడోళ్ళకి బార్ అనే మాట చెవిన పడితే మొహం మారుతదంటే దానికి కారణం ఉన్నది, నడిపేటోళ్ళు ఆ కారణాన్ని గౌరవించాలె.

చట్టం సంగతికి వస్తే, మహారాష్ట్రలో నడిచేది 1949 నాటి బాంబే మద్యనిషేధ చట్టమే, పేరు మాత్రం మారింది. నిషేధం లేని జిల్లాల్లో కూడా తాగాలంటే పర్మిట్ ఉండాలె, బార్ బోర్డు మీద పర్మిట్ రూమ్ అని రాసేది అందుకే. గట్టి మందుకి వయసు 25 నిండాలె, బీర్, వైన్‌కి 21. ప్రాణహిత, గోదావరి దాటి తెలంగాణలోకి పోతే అన్నిటికీ 21. అంటే ఒకే వాయిస్ రూములో కూసున్న ముగ్గురికి మూడు రకాల రూల్స్: కాళేశ్వరం నుంచి వచ్చినోడికి ఒకటి, చంద్రపూర్ వాడికి ఒకటి, నది ఇవతల సిరొంచ వాడికి ఇంకొకటి. సూరత్ నుంచి ఎవరన్నా వస్తే గుజరాత్‌ది మళ్ళ వేరే.

ముచ్చటకి ఈ చట్టం అడ్డం రాదు. వర్చువల్ బార్‌లో పోసేది మాట, తాగేది ఎవరి ఇంట్లో వాళ్ళ చేతిలో ఉన్నది, అది సల్ల కావొచ్చు, చాయ్ కావొచ్చు. ఇబ్బంది వచ్చేది మూడు కాడ. ఒకటి, ఎక్కడ దొరుకుతది, ఎవరు తెచ్చిస్తరు అనే ప్రశ్న రూములో పడుడు. రెండు, మందు కంపెనీ గుర్తులు, బొమ్మలు పెట్టి గోడ అలంకరించుడు, ఈ చట్టంలో మత్తు పదార్థాల ప్రచారం మీద నిషేధం ఉన్నది కాబట్టి సరదాకి పెట్టిన పోస్టర్ కూడా తలనొప్పి తెస్తది. మూడు, పైసలు తీసుకొని ఎవరికన్నా సీసా పంపుడు, దానికి పేరు ఏది పెట్టుకున్నా అది అమ్మకమే. ఈ మూడూ వద్దని కౌంటర్ మీద మొదటి బోర్డుగా రాసి పెట్టిన బార్లకి గడ్చిరోలిలో కూసొని నడిపినా భయం తక్కువ.

ఎవరో సభ్యుడు చెత్త మాట అంటే అడ్మిన్‌ని పట్టుకపోతరా అనేది ఇంకో సందేహం. ఇది ఈ జిల్లాలకి దగ్గరి సంగతే, ఎందుకంటే 2021 మార్చిలో బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచ్ గోందియా జిల్లా కేసులో దీని మీదనే తీర్పు చెప్పింది. వాట్సాప్ గ్రూపులో సభ్యుడు పెట్టినదానికి, ముందుగా కలిసి అనుకొని చేస్తే తప్ప, అడ్మిన్ బాధ్యుడు కాడు అని. గడ్చిరోలి, చంద్రపూర్ రెండూ ఆ బెంచ్ కిందికే వస్తయి. అయితే ఆ తీర్పు చట్టం ముందర కాపాడ్తది గానీ బార్‌ని కాపాడదు. చెత్త మాట విని ఊరుకున్న కౌంటర్ దగ్గరికి రెండోసారి ఎవరూ రారు.

వాట్సాప్ గ్రూపు ఉండగ ఇదెందుకు

సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా తెలుగోళ్ళ ఇండ్లల్ల తెలుగు మాట్లాడ్తరు, బడి మాత్రం ఎక్కువమందికి మరాఠీలోనే. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఆదిలాబాద్ జిల్లా కింద ఉండేది, గీత మారింది, ఇంటి భాష మారలే. దీనివల్ల ఒక తరం మొత్తం తెలుగు మాట్లాడ్తది, పాడ్తది, తిడ్తది, కానీ చదవలేదు. వాళ్ళకి తెలుగు లిపిలో నడిచే గ్రూపు అంటే మూసిన తలుపు లెక్క. దేవనాగరిలో తెలుగు టైప్ చేసేటోళ్ళు ఉంటరు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టేటోళ్ళు ఉంటరు, పక్కోడికి ఒకటి అర్థమైతే ఇంకొకటి కాదు. వాయిస్ రూములో ఈ గొడవే లేదు, నోరు ఉంటే చాలు. సరిహద్దు తెలుగోళ్ళకి వర్చువల్ బార్ పనికొచ్చేది ముఖ్యంగా ఇందుకే, ఇది పెద్ద లాభం, దీన్ని చిన్నగ చూడొద్దు.

రెండో తేడా, గ్రూపులో మెసేజ్ పేరుకపోతది. పొద్దున లేచి చూస్తే మూడు వందలు చదవనివి, అందులో సగం గుడ్ మార్నింగ్ పువ్వులు, వాటిని చూసిన మనిషికి మాట్లాడాలనిపించదు. బార్‌లో నిన్నటి ముచ్చట నిన్ననే పోయింది, ఇయ్యాల వచ్చినోడు ఇయ్యాల్టి కాడికి కూసుంటడు, బాకీ ఏం లేదు. అందుకే రికార్డింగ్ అసలు పెట్టొద్దు. ఇట్ల అన్నవు కదా అని రేపు ఎవడో వినిపిస్తడని తెలిస్తే గ్లాసు పట్టుకున్న చెయ్యి అట్లనే ఆగిపోతది.

డేటా ఖర్చు భయం కూడా ఉంటది గానీ లెక్క చూస్తే అది పెద్దది కాదు. డిస్కార్డ్ మామూలుగా సెకనుకి 64 కిలోబిట్ల వాయిస్ పంపుతది, అంటే ఒక మనిషి గంటసేపు ఆపకుండ మాట్లాడితే 29 ఎంబీకి అటూ ఇటూ. రోజుకి 1.5 జీబీ ప్యాక్ ఉన్నోడికి రెండు గంటల బార్ ఒక మూలకి రాదు. వీడియో పెడితే మాత్రం లెక్క పూర్తిగ వేరే, సిగ్నల్ సగం పడిపోయే అడివి వైపు ఊళ్ళల్ల వీడియో బార్ అంటే సగం మందిని గడప బయటనే ఆపినట్టు. వాయిస్ బార్‌కి ఇంకో మేలు, పొలం కాడి నుంచి, బనీను మీద, వంట చేసుకుంట రావొచ్చు.

గడప దగ్గర మొదటి అర నిమిషం

కొత్త మనిషి రూములోకి వచ్చిండు. తెర మీద ఆయన పేరు వెలిగింది, మైకు బంద్ ఉన్నది. లోపల నలుగురు తునికాకు రేటు గురించో, బల్లార్షా స్టేషన్‌లో రైలు లేటు గురించో మాట్లాడ్తున్నరు. ఇక్కడ రెండే జరుగుతయి. ఎవరూ పలకరించకపోతే ఆ మనిషి రెండు నిమిషాలు విని, ఇది నా చోటు కాదు అనుకొని పోతడు, మళ్ళ రాడు. లేదంటే కౌంటర్ వెనక ఉన్నాయన మాట మధ్యలో ఆపి, "రా రా బావా, కూసో. ఏం పొయ్యమంటవ్, సల్లనా, బెల్లం చాయా?" అంటడు.

ఆ ప్రశ్నలోనే ఉన్నది కిటుకంతా. మీరెవరు, ఏం చేస్తరు, ఎక్కడి నుంచి అని అడిగితే అది ఇంటర్వ్యూ అయితది, కొత్తోడు ముడుచుకుంటడు. ఏం పొయ్యాలె అనేదానికి ఎవడన్నా జవాబు చెప్తడు, తప్పు జవాబు అనేది లేదు, చెప్పిండంటే మైకు తెరిచినట్టే, గొంతు అందరికీ వినపడినట్టే. "సల్లనే పొయ్యి అన్నా, ఎండ సంపుతున్నది" అని ఆయన అంటే, మేలో చంద్రపూర్ ఎండ తెలిసినోళ్ళు ఇద్దరు ముగ్గురు అందుకుంటరు, ముచ్చట దానంతట అదే నడుస్తది. మెనూ అనేది ఉండాల్సింది ఇందుకే, ఉత్త అలంకారానికి కాదు. ఆ మెనూ ఊరిది అయి ఉంటే ఇంకా మంచిది: గుడాలు, సర్వపిండి, నాగ్‌పూర్ వైపు తర్రీ పోహా, ఈత కల్లు. పరాయి దేశపు కాక్‌టెయిల్ పేర్లు పెట్టిన మెనూ చూసి పెద్దోళ్ళు ఏం అడగాల్నో తెలియక ఊరుకుంటరు.

పోసే పని బాట్‌కి అప్పజెప్పొచ్చు, కమాండ్ కొడితే గ్లాసు బొమ్మ వస్తది. మొదటి వారం సరదాగ ఉంటది. కానీ పోయినసారి వచ్చినప్పుడు బిడ్డకి పరీక్ష ఉన్నదని చెప్పిన మనిషిని, "అక్కా, పరీక్ష ఎట్ల రాసింది?" అని అడిగేది మనిషే. ఆ ఒక్క ప్రశ్న కోసమే మనుషులు మళ్ళ వస్తరు. కొందరు నడిపేటోళ్ళు చిన్న నోటుబుక్కు పెట్టుకొని పేరు, ఇష్టమైన గ్లాసు, పోయినసారి ముచ్చట రాసుకుంటరు, దాన్ని ఎవరికీ చూపియ్యరు. మండువలో గౌడ్ బుర్రలో ఉండే లెక్కనే అది, కాగితం మీదికి వచ్చింది అంతే.

నలుగురి లెక్క

మంచిగ నడిచే బార్ కూడా జనం పెరిగినంక ఎందుకు చెడిపోతదో చాలామందికి అంతుపట్టదు. పదిహేను మంది వచ్చిన్రు, సంతోషమే, కానీ ముగ్గురే మాట్లాడ్తున్నరు, మిగిలినోళ్ళు మెల్లగ జారుకుంటున్నరు. తప్పు ఆ ముగ్గురిది అని అందరూ అనుకుంటరు. అసలు తప్పు గదిది.

మనుషులు మాట మీద మాట అందుకునేటప్పుడు మధ్యలో వచ్చే సందు చాలా చిన్నది. పది భాషల మీద చేసి 2009లో అచ్చయిన ఒక పరిశోధనలో అది సగటున 200 మిల్లీసెకన్ల చుట్టుపక్కల తేలింది, అంటే సెకనులో అయిదో వంతు. ఎదుటివాడి మాట అయిపోతున్నదని ముందే పసిగట్టి మనం నోరు తెరుస్తం. నెట్ మీద గొంతు పోయి చేరేదానికి టైము పడ్తది. టెలిఫోన్ ప్రమాణాల ప్రకారం ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే మాట సాఫీగ నడుస్తది. సిగ్నల్ బలహీనం, దాని మీద బ్లూటూత్ ఇయర్‌ఫోన్, రెండూ కలిస్తే ఆ గీత దాటుతది. అప్పుడు ఇద్దరు ఒకేసారి మొదలుపెడ్తరు, ఇద్దరూ ఆగుతరు, చెప్పు చెప్పు అంటే చెప్పు చెప్పు అనుకుంటరు, ఆఖరికి మొహమాటం లేనోడు ముందుకుపోతడు. రోజూ ఇట్లనే అయితే మొహమాటస్తులు రావడం బంద్ చేస్తరు. వైరు ఇయర్‌ఫోన్ వాడమని బోర్డు మీద రాసుడు చిన్న సంగతి అనిపిస్తది గానీ అది రూము మర్యాదనే మారుస్తది.

దీనికి తోడు ఇంకొకటి ఉన్నది. ఎదురెదురుగ కూసున్నప్పుడు కూడా ఒక ముచ్చటలో నలుగురి కంటే ఎక్కువమంది నిలబడరని రాబిన్ డన్‌బార్ లాంటి పరిశోధకులు 1990లలోనే గమనించిన్రు. అయిదోవాడు వచ్చిండంటే కొద్దిసేపట్ల ముచ్చట రెండుగ చీలుతది. పెండ్లి బంతిలో చూస్తే తెలిసిపోతది, ఇరవై మంది ఒక వరసలో కూసుంటరు, నడిచేది అయిదారు ముచ్చట్లు. మండువలో కూడా అంతే, ఈ రాయి కాడ నలుగురు, ఆ చెట్టు కింద ముగ్గురు. వాయిస్ రూములో మాత్రం అందరి గొంతులు ఒకే గొట్టంలోకి వస్తయి, పక్కోడితో గుసగుసలాడే వీలు లేదు, చీలాలన్నా చీలలేరు. పదిహేను మందిని ఒకే బల్ల చుట్టూ కట్టేసినట్టు.

అందుకే నిలబడ్డ బార్లల్ల ఒక కౌంటర్, రెండు మూడు బల్లలు ఉంటయి, ఒక్కొక్కటి వేరే వాయిస్ చానల్. కొత్తోళ్ళంతా ముందు కౌంటర్ కాడికి వస్తరు. అక్కడ అయిదారుగురు అయిన్రంటే నడిపేటాయన, "మామా, తాడిచెట్టు బల్ల కాడ మీ రాజురా వాళ్ళు కూసున్నరు, పత్తి ముచ్చటనే నడుస్తున్నది, అటు పోరాదు?" అని సాగనంపుతడు. ఇది వెళ్ళగొట్టుడు కాదు, ఒకరిని ఇంకొకరితో కలుపుడు. బల్లకి ఆరుగురే అని సెట్టింగ్‌లో పరిమితి పెట్టుకోవచ్చు. వాట్సాప్ కాల్‌లో 2022 నుంచి 32 మంది పడ్తరు, 2023లో పెద్ద గ్రూపులకి మోగకుండ తెరిచే వాయిస్ చాట్ కూడా వచ్చింది, అయినా అక్కడ బల్లలు లేవు. పది మందికి మించి వచ్చే బార్‌కి వాట్సాప్ చాలకపోవడానికి కారణం ఇదొక్కటే.

మాట్లాడకుండ కూసునేటోళ్ళని చూసి కూడా నడిపేటోళ్ళు కంగారు పడొద్దు. వెబ్‌సైట్లు జనం ఎట్ల వాడ్తరో పరిశోధించే జేకబ్ నీల్సన్ 2006లో చెప్పిన 90-9-1 లెక్క ప్రకారం, ఏ ఆన్‌లైన్ గుంపులోనైనా నూటికి ఒక్కరు ఎక్కువగ మాట్లాడ్తరు, తొమ్మిది మంది అప్పుడప్పుడు, తొంభై మంది ఉత్తగ వింటరు. రెండు వందల మంది ఉన్న చోట ఇద్దరు, పద్దెనిమిది మంది, నూట ఎనభై మంది. ఆ నూట ఎనభై మందిని నువ్వెందుకు మాట్లాడ్తలేవు అని అడుగొద్దు. ఒక్క గ్లాసుతో పొద్దు గూకేదాకా కూసునేటోడు వాళ్ళల్లనే ఉన్నడు.

అంగడి వారానికి ఒక్కసారే ఎందుకు

బార్ మూతపడే దారి చాలావరకు ఒక్కటే: ఉత్సాహంతో రోజూ తెరుస్తరు. మొదటి వారం జనం, రెండో వారం రోజుకి ఇద్దరు ముగ్గురు, మూడో వారం నడిపేటాయన ఒక్కడే ఖాళీ రూములో. తలుపు తీసి ఖాళీ గది చూసినోడు మళ్ళ ఆ తలుపు తియ్యడు.

ఈ లెక్క ఊరి అంగడికి ఎప్పటినుంచో తెలుసు. సిరొంచలో అయినా ఏటపల్లిలో అయినా, మరాఠీలో ఆఠవడీ బజార్ అన్నా, సంత వారానికి ఒక్కరోజే. రోజూ పెడితే అమ్మేటోడికి గిట్టుబాటు కాదు, వారం మొత్తం కొనేటోళ్ళు ఒక్కరోజు మీద పడితేనే దుకాణం నిలుస్తది. బార్ కూడా అంతే, పన్నెండు మంది పాతకాపులు వారంలో రెండేసి సార్లు వచ్చేటోళ్ళు అయితే ఏడు రోజుల మీద పరిస్తే రోజుకి ముగ్గురు నలుగురు, రెండు రోజుల మీద పెడితే రోజుకి పన్నెండు మంది. మనుషులు అవే, గది మాత్రం నిండుగ ఉంటది. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, గది పట్టనప్పుడే మూడో రోజు తెరవాలె.

వేళ కూడా ఊరిని చూసి పెట్టాలె. చంద్రపూర్, బల్లార్షా వైపు బొగ్గు గనుల్లో సెకండ్ షిఫ్ట్ చేసేటోడు అర్ధరాత్రికి ఇంటికొస్తడు, భివండి, సోలాపూర్ మగ్గాల కాడ పద్మశాలి వాళ్ళకి వేరే వేళలు, దుబాయ్‌లో ఉన్నోడి గడియారం గంటన్నర వెనక నడుస్తది. అందరికీ సరిపోయే టైము దొరకదు, దాని కోసం వెతుక్కుంట ప్రతి వారం టైము మార్చిన్రంటే ఉన్నోళ్ళు కూడా పోతరు. ఒక రోజు తొమ్మిదింటికి, ఇంకో రోజు పన్నెండింటికి అని రెండు వేళలు పెట్టి, వానొచ్చినా వరదొచ్చినా వాటినే పట్టుకొని ఉండాలె. మూసే వేళ అంతకంటే ముఖ్యం. పావుగంట ముందు ఆఖరి రౌండ్ అని చెప్పి, ఒక్కొక్కరి పేరు పిలిచి గుడ్ నైట్ చెప్పి, గది మూసెయ్యాలె. ముచ్చట మంచి ఊపు మీద ఉన్నప్పుడే మూస్తే ఎల్లుండికి ఏదో మిగిలి ఉంటది. ఎవరికి వాళ్ళు జారుకొని ఆఖరికి ఇద్దరు ఆవలించుకుంట మిగిలే బార్‌కి రుచి పోతది.

గ్లాసు కనపడదు

అన్నిటికంటే బరువైన సంగతి ఇది. నిజం బార్‌లో పోసేటోడికి సీసా కనపడ్తది, మనిషి తూలుడు కనపడ్తది, ఇగ చాలు అని గ్లాసు బోర్లిస్తడు. వర్చువల్ బార్‌లో కౌంటర్ వెనక ఉన్నోడికి వినపడేది గొంతు ఒక్కటే, సీసా వాడి ఇంట్లో వాడి చేతి పక్కనే, పైసలు అడిగేటోడు లేడు, మూసేస్తున్నం లే అనేటోడు లేడు. ఒంటరిగ ఇంట్లో తాగేటోడికి తోడు దొరికినట్టయి తాగుడు పెరిగే ప్రమాదం నిజంగనే ఉన్నది, దీన్ని దాచిపెట్టి బార్ నడుపుడు తప్పు. తాగుడులో ఇంత వరకు పరవాలేదు అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది.

గొంతు చాలా చెప్తది, వినడం వస్తే. ఒకే ముచ్చట మూడోసారి, మాటకి మాటకి మధ్య సాగదీత, మైకు బంద్ చేయడం మర్చిపోవుడు, ఉన్నట్టుండి పాత పగ తవ్వుడు. ఇవి కనపడ్డప్పుడు అందరి ముందు నువ్వు తాగినవ్ అంటే ఆ మనిషి ఇజ్జత్ పోతది, కొట్లాట అయితది. తెలిసిన పద్ధతి ఏందంటే, నడిపేటోళ్ళల్ల ఒకరు వాడిని పక్క బల్ల కాడికి పిలుచుకపోవుడు. "తమ్మీ, ఇటు రా, నీతోని ఒక మాట" అని, అక్కడ మెల్లగ మాట్లాడి, నీళ్ళు తాగిపిచ్చి, ఇంట్లో ఎవరున్నరో అడిగి, తెల్లారి ఫోన్ చేసుడు. ఆ తెల్లారి ఫోన్‌లో నిన్నటిది ఎత్తిపొడవొద్దు. రూములో ఉన్న తక్కినోళ్ళకి ఏం జరిగిందో చెప్పే పని కూడా లేదు. మాటిమాటికి అట్లనే అయితుంటే, మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్ 14446, మనసు బాగాలేనప్పుడు మాట్లాడే టెలీ మానస్ 14416, ఈ రెండు నంబర్లు వాడికి పంపాలె. బోర్డు మీద ఎప్పుడూ ఉంటే ఇంకా మంచిది. ప్రాణం మీదికి వచ్చేటట్టు మాట్లాడితే 112.

మానేసినోళ్ళు కూడా వస్తరు, వాళ్ళకి ఇట్లాంటి చోటు ఇంకా ఎక్కువ అవసరం, ఎందుకంటే మందు మానేస్తే దోస్తులు కూడా పోతరని చాలామంది భయం. నువ్వు సల్లనే తాగుతున్నవా అని ఎవరూ నవ్వని బార్ వాళ్ళకి ఊరు మొత్తంలో ఇంకెక్కడా దొరకదు. అందుకే సల్ల, చాయ్ మెనూలో పైన ఉండాలె, మందు కింద. గడ్చిరోలిలో నడిపే బార్‌కి ఇది మామూలుగనే కుదురుతది, వేరే ఊళ్ళల్ల కూడా ఇట్లనే చేస్తే మంచిది.

ఆడోళ్ళు, యాస, పైసలు

ఆడోళ్ళు వచ్చే బార్ నిలబడ్తది, రానిది మగోళ్ళ అడ్డా అయిపోతది. మైకు తెరవగానే ఫొటో పెట్టు, నంబర్ ఇయ్యి అని విడిగ మెసేజ్‌లు పడుతుంటే ఎవరూ రెండోసారి రారు. ఈ ఒక్క తప్పుకి హెచ్చరిక, రెండో అవకాశం అనేది పెట్టుకోవద్దు, ఆ రాత్రే బయటికి పంపాలె, ఎందుకు పంపిన్రో కౌంటర్ మీద పేరు లేకుండ రాయాలె. కౌంటర్ వెనక నిలబడేటోళ్ళల్ల ఒక్క వదినో అక్కో ఉంటే ఫిర్యాదు చెప్పుకునే దారి తెరుచుకుంటది, లేకపోతే ఎవరూ చెప్పరు, చెప్పకుండనే పోతరు.

యాస సంగతి ఈ జిల్లాలకి ప్రత్యేకం. చంద్రపూర్ తెలుగులో భౌ, దాదా, గప్పా అన్నీ కలిసి వస్తయి, క్రియ తెలుగుది, మాట మరాఠీది. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చినోళ్ళు ఇది తెలుగేనా అని నవ్వితే, అప్పటికే బడి తెలుగు రాదని లోపల బెరుకున్నోడు మరాఠీలోకో హిందీలోకో జారిపోతడు. అట్ల జారినోడు మళ్ళ తెలుగులోకి రావడం చూడం. యాస మీద ఎగతాళికి ఆడోళ్ళ మీద చేసే అల్లరికి ఉన్నంత గట్టి బోర్డు ఉండాలె. మరాఠీ మాటకి తెలుగు ఏందని ఆప్యాయంగ అడిగితే మాత్రం గంటసేపు మంచి ముచ్చట అయితది, పెద్దోళ్ళు ఎన్నడో మర్చిపోయిన మాటలు బయటికొస్తయి.

పైసల గురించి ఎక్కువ చెప్పే పని లేదు. అప్పులు, చిట్టీలు, బెట్టింగ్ యాప్ లింకులు కౌంటర్ మీద పెట్టనియ్యొద్దు. ఎవరన్నా కష్టంలో ఉంటే సాయం చేసుకోవడం మంచిదే, అది రూము బయట, తెలిసినోళ్ళ మధ్య. పద్దెనిమిది నిండనోళ్ళని బార్ పేరున్న గదిలోకి రానియ్యొద్దు, వాళ్ళకి పగటిపూట వేరే చాయ్ బల్ల పెట్టొచ్చు.

తాళాలు ఎవరి దగ్గర

నడిపేటోడు అలిసిపోవుడు బార్‌కి ఆఖరి గండం. వారానికి రెండు రాత్రులైనా, అందరి కష్టసుఖాలు విని నవ్వుతూ నిలబడుడు పనే, జీతం లేని పని. ముగ్గురు వంతులేసుకుంటే ఒక్కొక్కరికి పది రోజులకి ఒక్కసారి వస్తది, అది మోయదగ్గ బరువు. వంతు లేని రాత్రి నడిపేటోడు మామూలు మనిషిలాగ వచ్చి బల్ల కాడ కూసోవాలె, లేకపోతే ఆయనకి కౌంటర్ ఒక్కటే మిగుల్తది, మూడో చోటు మిగలదు.

ఇంకో చిన్న పని ఉన్నది, అందరూ మర్చిపోయేది. డిస్కార్డ్‌లో సర్వర్, అంటే కౌంటర్, బల్లలు అన్నీ ఉండే చోటు, ఒక్కరి పేరు మీదనే ఉంటది, దాన్ని వేరేవాళ్ళకి అప్పజెప్పే హక్కు కూడా ఆ ఒక్కరిదే. టెలిగ్రామ్ గ్రూపు కూడా ఓనర్ చేతిలోనే, ఆయన తన ఖాతాకి రెండంచెల పాస్‌వర్డ్ పెట్టుకొని ఉంటేనే ఇంకొకరికి మార్చనిస్తది. ఫోన్ పోయి, నంబర్ బంద్ అయితే ఏండ్ల పాటు కట్టుకున్న గది తాళం పడ్డట్టే. బార్ తెరిచిన మొదటి వారంలోనే ఆ పాస్‌వర్డ్ పెట్టుకోవాలె, మిగతా ఇద్దరికీ అడ్మిన్ హక్కులియ్యాలె, ఓనర్ ఖాతాని మళ్ళ తెరిచే కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో భద్రంగ పెట్టాలె, అది ఎక్కడున్నదో ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచాలె.